ఊరికే ఊ కొట్టకండి

వినికిడి తగ్గుతున్నవాళ్ళకు ఎవరూ నేర్పకుండానే ఒక అలవాటు పడుతుంది. ఎదుటివాళ్ళ మాట సరిగ్గా అందకపోయినా ముఖం చూసి ఊ కొట్టడం. వాళ్ళు నవ్వితే తామూ నవ్వడం, వాళ్ళు నిట్టూరిస్తే "అవునండీ, ఏం చేస్తాం" అనడం. తెనాలి జంక్షన్‌లో రేపల్లె రైలెక్కి, వేమూరు, భట్టిప్రోలు దాటేదాకా పక్కసీటు మనిషితో అలా కబుర్లు సాగించినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. ఆయన చెప్పింది కూతురి పెళ్ళి సంగతో, పొలంగట్టు తగాదానో దిగేటప్పటికి కూడా తెలియదు. "ఏమన్నారు?" అని అడగడం మర్యాద కాదేమోననిపిస్తుంది. రెండోసారి అడిగితే చెవుడనుకుంటారని భయం. కొన్నాళ్ళకు మాట కలపడమే మానేస్తాం.

చెవిలో ఆగకుండా మోగే హోరుకీ, ఇలా ఊ కొట్టి ఊరుకోవడానికీ సంబంధం ఉంది. బయటి మాట లోపలికి రావడం తగ్గినకొద్దీ లోపలి మోత పెద్దదవుతుంది. ఆ మోతను ఆపే మాత్ర ఇప్పటికి లేదు. బయటి మాటకు దారి తెరిచి ఉంచడం మాత్రం మన చేతిలో ఉన్న పని. ఈ అధ్యాయమంతా ఆ పని గురించే.

ఆ శబ్దం ఎక్కడ పుడుతోంది?

ఒకరికి అది కీచురాళ్ళ రొద. ఒకరికి సన్నటి ఈల. ఇంకొకరికి ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడితే వినిపించే గుయ్యిమనే మోత. "చెవి గింగురుమంటోంది", "తలలో హోరుగా ఉంది" అని చెబుతుంటారు. డాక్టర్లు దీన్ని టిన్నిటస్ అంటారు. 2022లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనా సమీక్ష ప్రకారం పెద్దవాళ్ళలో సుమారు 14 శాతం మందికి, అంటే ప్రపంచం మొత్తం మీద 74 కోట్ల మందికి పైగా, ఈ అనుభవం ఉంది. వారిలో 12 కోట్ల మందికి పైగా అది తీవ్రంగా బాధిస్తోంది. కాబట్టి ఇది మీ ఒక్కరికే పట్టిన పీడ కాదు. పిచ్చి లక్షణం అంతకన్నా కాదు.

లోపలి చెవిలో కాక్లియా అనే మెలితిరిగిన గొట్టం ఉంటుంది. అందులో ఒక్కో చెవికి సుమారు 15 వేల సూక్ష్మమైన రోమకణాలుంటాయి. గాలిలో వచ్చే కదలికను విద్యుత్ సంకేతంగా మార్చి మెదడుకు పంపేవి అవే. వయసు, పెద్ద శబ్దాలు, కొన్ని మందులు, చెవి జబ్బులు వాటిని దెబ్బతీస్తాయి. మనుషుల్లో అవి ఒకసారి పోతే మళ్ళీ మొలవవు. సన్నటి, కీచు శబ్దాలను పట్టే కణాలు సాధారణంగా ముందు పోతాయి.

ఆ తర్వాత జరిగేది, పద్యనాటకాలు చూసి పెరిగిన తెనాలివాళ్ళకు సులువుగా అర్థమవుతుంది. నటుడి గొంతు మైకుకు అందకపోతే సౌండు చూసే కుర్రాడు యాంప్లిఫయర్ పెంచుతాడు. గొంతుతోపాటు అంతవరకూ వినబడని గరగర, కూత కూడా హాలంతా వినిపిస్తాయి. నటుడు మైకు దగ్గరికొచ్చి రాగం అందుకోగానే కుర్రాడు సౌండు తగ్గిస్తాడు, కూత అణుగుతుంది. చెవి నుంచి సంకేతాలు తగ్గినప్పుడు మెదడు కూడా ఇలాగే తన సున్నితత్వాన్ని పెంచుకుంటుందని, ఆ పెంపులోనే హోరు పైకి తేలుతుందని ఇవాళ ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

పూర్తి నిశ్శబ్దంలో ఈ మోత ఎవరికైనా వినిపించవచ్చు. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే అమెరికన్ పరిశోధకులు వినికిడి బాగా ఉన్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కాసేపు కూర్చోబెట్టారు. వారిలో 94 శాతం మంది తమకు ఏదో ఒక శబ్దం వినిపించిందని చెప్పారు. అందుకే హోరు ఉన్నవాళ్ళు ప్రశాంతత కోసం తలుపులు బిగించుకుని కూర్చుంటే మేలు జరగదు.

వినబడుతుంది, అర్థం కాదు

"నాకు బాగానే వినబడుతుందమ్మా, వాళ్ళే నోట్లో నోట్లో గొణుగుతారు." దాదాపు ప్రతి ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర వినే మాట ఇది. ఇందులో అబద్ధమేమీ లేదు. వాళ్ళకు గొంతు వినబడుతోంది, మాట విడిపడి అందడం లేదు.

అచ్చులు బలంగా, మంద్రస్థాయిలో పలుకుతాయి కాబట్టి వినికిడి తగ్గినా చాలాకాలం అందుతూనే ఉంటాయి. స, శ, చ, త, ప, క లాంటి హల్లులు సన్నగా, క్షణకాలం వినబడి పోతాయి. కీచు శబ్దాలను పట్టే కణాలు దెబ్బతింటే ముందు జారిపోయేవి ఇవే. కోడలు వంటింట్లోంచి "మామయ్యా, చాలా?" అని అడిగితే "పాలా?" అన్నట్టు వినిపిస్తుంది. పాలు, చాలు, కాలు అన్నీ ఒక్కలాగే చెవిలో పడతాయి. బజారు రొదలో "ఇరవై", "అరవై" కూడా కలిసిపోతాయి. మెదడు ఆ ఖాళీలను సందర్భాన్నిబట్టి పూరించుకుంటూ పోతుంది. సాయంత్రానికి తల బరువెక్కడానికి, విసుగు రావడానికి ఈ శ్రమ ఒక ముఖ్యమైన కారణం. వినికిడి తగ్గినవాళ్ళకు కోపం ఎక్కువంటారు. రోజంతా వాళ్ళు చేసే ఈ పని ఇంట్లోవాళ్ళకు కనబడదు.

క్వినైన్ వాడిన గిడుగు

చెవి దెబ్బతిన్నాక మాటల ప్రపంచంలో మన స్థానం పోయినట్టేనా? ఈ ప్రశ్నకు తెలుగువాళ్ళ చరిత్రలోనే గొప్ప జవాబు ఉంది.

గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, సవరల భాష నేర్చుకోవడానికి మన్యంలో తిరిగారు. అక్కడ మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. ఆ చెవుడు జీవితాంతం ఉండిపోయింది. క్వినైన్ మోతాదు మించితే చెవిలో హోరు పుడుతుందని, వినికిడి తగ్గుతుందని వైద్యానికి చాలాకాలంగా తెలుసు.

ఆయన తర్వాత ఎంచుకున్న పని చూడండి. జనం నోటిలో ఉన్న తెలుగునే పుస్తకాల్లో, బడుల్లో రాయాలని దశాబ్దాల తరబడి వాదించారు. సభల్లో పండితులతో తలపడ్డారు. 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టారు. 1925లో తణుకులో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో గంటల తరబడి ప్రసంగించారు. సవర భాష మీద ఆయన రాసిన వ్యాకరణ గ్రంథం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు దాదాపు 75 ఏళ్ళు. వినికిడి తగ్గిన మనిషి వాడుక మాట కోసం అంత పోరాటం చేశారు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఆయన స్థాయి మనకు అక్కర్లేదు. నలుగురి మాటల మధ్య నుంచి లేచి వెళ్ళిపోకుండా ఉండటం మాత్రం మనకూ సాధ్యమే. ఇప్పుడు మనకు ఆయన కాలంలో లేని సాధనాలు కూడా ఉన్నాయి.

ముందు పరీక్ష, తర్వాతే మిగతావి

చెవి గుయ్యిమంటే మన పల్లెల్లో మొదట గుర్తొచ్చేవి వెల్లుల్లి కాచిన నూనె, ఉల్లిరసం, పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక. ఇవన్నీ మానేయండి. కర్ణభేరికి చిల్లు ఉంటే నూనె లోపలికి దిగి చీము పట్టవచ్చు. పుల్లలు గులిమిని ఇంకా లోపలికి నెడతాయి. అసలు కారణం గట్టిపడిన గులిమి మాత్రమే అయితే, డాక్టరు దాన్ని తీయగానే హోరు కూడా తగ్గవచ్చు. ఆ అదృష్టం మీకుందేమో తెలియాలన్నా చెవి చూపించుకోవాలి.

కింది సందర్భాల్లో ఆలస్యం చేయవద్దు:

- రాత్రి బాగున్న చెవి తెల్లారేసరికి వినబడకపోతే అదే రోజు చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. జలుబు చేసిందనో, నీళ్ళు చేరాయనో వారాలు గడపకండి. ఈ స్థితికి స్టిరాయిడ్ చికిత్స తొలి రోజుల్లో మొదలైతేనే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. రెండు వారాలు దాటితే ఆ అవకాశం బాగా తగ్గుతుంది.
- హోరు ఒక్క చెవిలోనే ఉన్నా, ఒక చెవి రెండోదానికన్నా బాగా తగ్గినా స్కానింగ్ అవసరమవుతుందేమో అడగండి.
- శబ్దం నాడి కొట్టుకున్నట్టు, గుండె లయతోపాటు వినిపిస్తే రక్తనాళాలను పరీక్షించాలి.
- కళ్ళు తిరగడం, చెవి కారడం, నొప్పి, మూతి ఒక పక్కకు వంకరపోవడం ఉంటే వెంటనే చూపించండి.

తెనాలిలో, బాపట్లలో చెవి డాక్టర్లు ఉన్నారు. గుంటూరు పెద్దాసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం ఉంది. ఎక్కడికి వెళ్ళినా వినికిడి పరీక్ష చేయించుకుని, ఆ ఆడియోగ్రామ్ కాగితం ఒక కాపీ ఇంట్లో దాచుకోండి. ఏడాది తర్వాత మళ్ళీ పరీక్ష చేయించుకున్నప్పుడు ఎంత మారిందో తెలిసేది ఆ కాగితం వల్లే.

మీరు వాడే మందులన్నీ డాక్టరుకు చూపించండి. టీబీకి ఒకప్పుడు విరివిగా ఇచ్చిన స్ట్రెప్టోమైసిన్, జెంటమైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు, క్యాన్సర్‌కు వాడే సిస్‌ప్లాటిన్, పెద్ద మోతాదులో ఆస్పిరిన్ చెవిని దెబ్బతీయగలవు. అయితే ఏ మందూ మీ అంతట మీరు ఆపకూడదు.

హోరు పూర్తిగా పోగొడతామని అమ్మే చుక్కలకు, పొడులకు డబ్బు పోయకండి. అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో జింకో, జింక్, మెలటోనిన్ లాంటివాటిని టిన్నిటస్‌కు సిఫారసు చేయవద్దని స్పష్టంగా చెప్పింది. వినికిడి తగ్గినవాళ్ళకు చెవి మిషను గురించి ఆలోచించమని, బాధ ఎక్కువగా ఉన్నవాళ్ళకు ఆలోచనా సరళిని మార్చే మానసిక చికిత్స సూచించమని అదే మార్గదర్శకాలు చెబుతున్నాయి.

చెవి మిషనుతో స్నేహం

కళ్ళద్దాలు పెట్టుకోవడానికి సిగ్గుపడని ఊళ్ళో చెవి మిషను పెట్టుకోవడానికి సిగ్గుపడుతున్నాం. నాటకాల్లోనూ సినిమాల్లోనూ చెవుడును నవ్వులాటగా చూపించడం ఇందుకు కొంత కారణం. ఆ సిగ్గు ఖరీదు పెద్దది. మతి క్షీణించే జబ్బు డిమెన్షియాకు దారితీసే కారణాల్లో మనం సరిదిద్దుకోగల ముఖ్యమైనవాటిలో వినికిడి లోపం ఒకటని లాన్సెట్ వైద్యపత్రిక కమిషన్ 2020లోనూ 2024లోనూ చెప్పింది.

వినికిడి తగ్గినవాళ్ళకు మిషను రెండు మేళ్ళు చేస్తుంది. మాట అందిస్తుంది. బయటి శబ్దాలు లోపలికి రావడంతో చాలామందికి హోరు మీద ధ్యాస కూడా తగ్గుతుంది. అయితే పెట్టుకున్న రోజే అద్భుతం జరగదు. గిన్నెల చప్పుడు, మిక్సీ మోత, చెప్పుల సవ్వడి ఒక్కసారిగా మీద పడతాయి. ఏళ్ళ తరబడి అవి వినని మెదడు మళ్ళీ అలవాటు పడటానికి వారాలు పడుతుంది. మొదటి వారం ఇంట్లో, ఒక్క మనిషితో మాట్లాడేటప్పుడు పెట్టుకోండి. తర్వాత టీవీ ముందు, ఆ తర్వాత వీధి అరుగు మీద, చివరికి బజారులో. ఇలా గంటలు పెంచుకుంటూ పోండి.

కొనే ముందు గుర్తుంచుకోవలసినవి:

- ఆడియోగ్రామ్ లేకుండా, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే యాంప్లిఫయర్ కొనకండి. అది అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచుతుంది. మీకు కావలసింది మీ చెవికి తగ్గిన స్థాయిలను మాత్రమే పెంచేది.
- కొన్నాళ్ళు వాడి చూసే వీలు అడగండి. తర్వాత సర్దడానికి ఎన్నిసార్లయినా రానిస్తారో లేదో ముందే తెలుసుకోండి.
- రెండు చెవులూ తగ్గితే వీలైనంతవరకు రెండింటికీ తీసుకోండి. శబ్దం ఏ పక్కనుంచి వస్తోందో తెలియడానికి అది అవసరం.
- మిషను కూత పెడుతుంటే చాలాసార్లు అది చెవిలో సరిగ్గా కూర్చోలేదని అర్థం. పారేయకుండా తీసుకెళ్ళి చూపించండి.

బాపట్ల, రేపల్లె, నిజాంపట్నం సముద్రపు గాలి ఉన్న ప్రాంతాలు. ఈ తేమా, వేసవి చెమటా మిషనుకు శత్రువులు. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ పొట్లం వేసిన మూతబిగువు డబ్బాలో పెట్టండి. స్నానానికి ముందు తీసేయండి. తలకు నూనె రాసుకుంటే ఆరాకే పెట్టుకోండి. గాలి తగిలితే పనిచేసే బ్యాటరీలకు స్టిక్కరు పీకాక కాసేపు ఆగి అమర్చుకుంటే ఎక్కువ రోజులు వస్తాయి.

రాత్రిపూట

హోరు ఉన్నవాళ్ళకు పగలు ఎలాగో గడుస్తుంది, రాత్రే కష్టం. అందులోనూ కరెంటు పోయిన రాత్రి. అంతవరకూ తిరుగుతున్న ఫ్యాను ఆగగానే చెవిలో మోత ఒక్కసారిగా గదంతా నిండినట్టు అనిపిస్తుంది. హోరు పెరగలేదు, దాన్ని కప్పి ఉంచిన శబ్దం పోయింది. ఇది తెలిస్తే సగం భయం తగ్గుతుంది.

పడకగదిలో మెత్తటి శబ్దం ఒకటి ఉండేలా చూసుకోండి. ఫ్యాను చాలు. చలికాలంలో ఫ్యాను వేయలేకపోతే ఫోనులో వాన చప్పుడో, అలల చప్పుడో పెట్టుకోండి. బాపట్ల దగ్గర సూర్యలంక తీరానికి ఈసారి వెళ్ళినప్పుడు అలల శబ్దాన్ని ఒక పదిహేను నిమిషాలు ఫోనులో రికార్డు చేసుకోండి. అలల్లో బొంగురు శబ్దం నుంచి సన్నటి శబ్దం దాకా అన్ని స్థాయిలూ కలిసి ఉంటాయి కాబట్టి అది ఈ పనికి బాగా తగినది. ఆకాశవాణి పాత పాటలు సన్నగా పెట్టుకున్నా మంచిదే.

ఒక్క నియమం పాటించండి. ఆ శబ్దం హోరును పూర్తిగా ముంచేసేంత పెద్దదిగా ఉండకూడదు. హోరు పక్కన అదీ వినబడేంత చాలు. 1990లో జాస్ట్రెబోఫ్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించిన సిద్ధాంతం నుంచి వచ్చిన పద్ధతి ఇది. హోరు కూడా ఇంట్లో ఉండే మామూలు శబ్దాల్లో ఒకటేనని మెదడు గుర్తించాలి. గోడగడియారం టిక్కుటిక్కు మనకు రోజంతా వినబడదు, ఎందుకంటే మెదడు దానికి ప్రాధాన్యం ఇవ్వదు. హోరు పట్ల కూడా మెదడుకు అదే నేర్పాలంటే దాన్ని వినగలగాలి, దానికి భయపడకూడదు.

పొద్దున లేవగానే "ఇంకా ఉందా?" అని చెవొగ్గి వెతకడం మానండి. వెతికిన ప్రతిసారీ అది ముఖ్యమైనదని మెదడుకు చెప్పినట్టవుతుంది. లేచిన వెంటనే చేసే పని ఏదైనా పెట్టుకోండి: వాకిలి ఊడవడం, కాలవగట్టు మీద నడక, కాఫీ, పేపరు.

అడగడం నేర్చుకోవాలి

"ఆఁ?" అని అడిగితే ఎదుటివాళ్ళు అదే మాట అదే వేగంతో ఇంకొంచెం గట్టిగా చెబుతారు. మీకు మళ్ళీ అందదు. అందిన ముక్కను చెప్పి, అందనిదాన్ని మాత్రమే అడగండి. "ఆదివారం అన్నావు, ఏ ఊళ్ళో అన్నావు?" అంటే వాళ్ళకు విసుగుండదు, మీకు జవాబు ఒక్క మాటలో వస్తుంది.

తెనాలి కూరగాయల మార్కెట్లో ధర దగ్గర అనుమానమొస్తే "ఆరు సున్నానా, రెండు సున్నానా?" అని అడగండి. ఇరవై, అరవై కలిసిపోయినా ఆరు, రెండు కలవవు. లేకపోతే ఫోనులో అంకె నొక్కి చూపించమనండి. బ్యాంకులో, ఆసుపత్రిలో ముందే చెప్పండి: "మేడమ్, నాకు వినికిడి తక్కువ. ముఖ్యమైనవి కాగితం మీద రాసివ్వండి." మందుల మోతాదు, తేదీలు, డబ్బు ఈ మూడింటినీ చెవి మీద వదిలేయకండి.

రైల్లో బాగా వినబడే చెవి తోటి ప్రయాణికుడి వైపు ఉండేలా సీటు చూసుకోండి. స్టేషన్లో మైకు ప్రకటన అందదు కాబట్టి ప్లాట్‌ఫారం నంబరు బోర్డు మీదో ఫోనులోనో చూసుకోండి, పక్కవాళ్ళను ఒకసారి అడగండి. పెళ్ళిలో వీపు గోడకు ఆనేలా, స్పీకర్లకు దూరంగా, వెలుతురు మాట్లాడేవాళ్ళ ముఖం మీద పడేలా కూర్చోండి. మేళం జోరందుకున్నప్పుడు పది నిమిషాలు బయటికి వచ్చి మళ్ళీ వెళ్ళండి. మొత్తానికే మానేయడం కన్నా ఇది ఎంతో నయం.

ఫోనులో కష్టమైతే వీడియో కాల్ చేయమనండి. పెదవులు కనబడితే సగం మాట అందుతుంది. లైవ్ ట్రాన్స్‌క్రైబ్ లాంటి యాప్‌లు ఎదుటివాళ్ళు మాట్లాడే తెలుగును అక్షరాల్లో చూపిస్తాయి. తప్పులుంటాయి, అయినా సంగతి తెలుస్తుంది. మనవడినో మనవరాలినో అడిగి పెట్టించుకోండి.

ఇంట్లోవాళ్ళకు

ఈ పేజీ ఇంట్లోవాళ్ళ చేత చదివించండి.

పక్కగదిలోంచి పిలవకండి. దగ్గరికొచ్చి ముందు "నాన్నా", "అత్తయ్యా" అని పిలిచి, ముఖం తిరిగాక మాట మొదలుపెట్టండి. అరవకండి. అరిస్తే అచ్చులు పెద్దవవుతాయి, హల్లులు ఇంకా చెదిరిపోతాయి. కాస్త నెమ్మదిగా, విడివిడిగా చెబితే చాలు. రెండుసార్లు చెప్పినా అందకపోతే అదే వాక్యాన్ని వేరే మాటల్లో చెప్పండి. మిక్సీ, టీవీ నడుస్తుండగా ముఖ్యమైన సంగతి మాట్లాడకండి.

"ఏం లేదులే, తర్వాత చెబుతా" అనే మాటను మాత్రం ఇంట్లోంచి తీసేయండి. వినికిడి తగ్గిన మనిషిని ఇంతగా ఒంటరిని చేసే మాట ఇంకొకటి లేదు. చిన్న సంగతైనా సరే, మళ్ళీ చెప్పండి. హోరు గురించి ఆయన చెబితే "అదంతా భ్రమ" అనకండి. అది మీకు వినబడదు, ఆయనకు నిజంగా వినబడుతోంది.

ఉన్నదాన్ని కాపాడుకోవాలి

రైసుమిల్లు, తెనాలిలో ఇనుప ముక్కలతో బొమ్మలు చేసే షెడ్లు, కోత యంత్రం, నిజాంపట్నం రేవులో డీజిల్ ఇంజను పడవ. ఇవన్నీ అన్నం పెట్టే పనులు, చెవిని తినే పనులు కూడా. 85 డెసిబెళ్ళ మోతలో రోజుకు ఎనిమిది గంటలు మించకూడదని నిపుణులు చెబుతారు. ప్రతి 3 డెసిబెళ్ళకూ ఆ గడువు సగమవుతుంది: 88 దగ్గర నాలుగు గంటలు, 91 దగ్గర రెండే. కొలత లేకపోయినా ఫరవాలేదు. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిస్తే తప్ప వినబడకపోతే అక్కడ చెవికి రక్షణ కావాలి. దూది పనికిరాదు. నలిపి చెవిలో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులు గానీ, చెవుల మీద బిగించే మఫ్‌లు గానీ వాడాలి. దీపావళి టపాకాయలప్పుడు, ఊరేగింపు డీజే పక్కన నిలబడేటప్పుడు కూడా ఇదే. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ల మీద 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు ఆంక్ష పెట్టాయని కమిటీవాళ్ళకు మర్యాదగా గుర్తు చేయడం తప్పు కాదు.

అలాగని ఇంట్లో, వీధిలో రోజంతా చెవులు మూసుకుని తిరగకండి. మామూలు శబ్దాలకు కూడా దూరమైతే మెదడు ఇంకా సున్నితమై హోరు మరింత బాధిస్తుంది.

హక్కుగా వచ్చే సాయం

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెళ్ళ నష్టం ఉంటే వినికిడి మందగించినవారిగా, 70 దాటితే బధిరులుగా గుర్తిస్తారు. లెక్క వినికిడి నష్టం మీదే ఉంటుంది, హోరును బట్టి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం తీసుకోవాలి. ఎప్పుడు, ఎక్కడ పరీక్ష జరుగుతుందో గ్రామ, వార్డు సచివాలయంలో అడగండి. అర్హత ఉన్నవారికి 2024 నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద ఆదాయ పరిమితిలో ఉన్నవారికి వినికిడి యంత్రాలు ఇస్తారు. అలీ యావర్ జంగ్ పేరిట ఉన్న జాతీయ వాక్, వినికిడి సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది. బాపట్లలో వినికిడి లోపం ఉన్న పిల్లలకు ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల ఉంది. చుట్టుపక్కల ఏ బిడ్డకైనా మాట ఆలస్యమవుతుంటే వాళ్ళ తల్లిదండ్రులకు వెంటనే వినికిడి పరీక్ష చేయించమని చెప్పండి. ఆ వయసులో ప్రతి నెలా విలువైనదే.

మనసు కుంగితే

"ఇది జన్మలో తగ్గదు, నా బతుకింతే" అన్న ఆలోచన హోరు కన్నా ఎక్కువ నిద్ర తింటుంది. 2020లో వచ్చిన కోక్రేన్ సమీక్ష ప్రకారం, ఆలోచనా సరళిని మార్చే మానసిక చికిత్స హోరు వల్ల కలిగే బాధను తగ్గించగలదు. శబ్దం అలాగే ఉండవచ్చు, దాని పెత్తనం తగ్గుతుంది. బాధ ఎక్కువైనప్పుడు ఆ ఆలోచనను కాగితం మీద రాసి, దాని పక్కనే నిన్న హోరు గుర్తురాకుండా గడిచిన సమయం ఏదైనా ఉందా అని రాయండి. చాలామందికి ఒకటో రెండో దొరుకుతాయి. నిద్ర, తిండి మానేసే దాకా వచ్చినా, చనిపోవాలనిపించినా దాచుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు రోజులో ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఫోనులో వినబడదనుకుంటే ఇంట్లోవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోండి.

ఈ నెలలో చేయవలసినవి

1. మొదటి వారం: చెవి చూపించుకుని ఆడియోగ్రామ్ తీయించుకోండి.
2. అదే వారం: మీకు ఏ చెవి తక్కువో, ఎలా మాట్లాడితే అందుతుందో ముగ్గురికి చెప్పండి. ఒకరు ఇంట్లో, ఒకరు వీధిలో, ఒకరు పనిచేసే చోట.
3. రెండో వారం: పడకగదికి సన్నటి శబ్దం, కరెంటు పోతే వాడుకునే ఏర్పాటు అమర్చుకోండి.
4. మూడో వారం: వినబడదని మానేసిన పనుల్లో ఒకటి మళ్ళీ మొదలుపెట్టండి. అది భజన కావచ్చు, నాటకం కావచ్చు, సాయంత్రం టీ కొట్టు కావచ్చు.
5. నాలుగో వారం: మోత ఉండే చోట పనిచేస్తే చెవి ప్లగ్గులు కొని జేబులో పెట్టుకోండి. మీతో పనిచేసే కుర్రాళ్ళకు కూడా ఒక జత ఇవ్వండి.

మూడు నెలల తర్వాత ఫలితం చూసుకునేటప్పుడు హోరు ఎంత గట్టిగా ఉందో కొలవకండి. నాలుగు సంగతులు గమనించండి: నిద్ర పట్టడానికి పట్టే సమయం, ఫోను మోగితే ఎత్తుతున్నారా లేదా, పిలిచిన శుభకార్యాలకు వెళుతున్నారా లేదా, ఇంట్లో గొడవలు తగ్గాయా లేదా. వీటిలో రెండు మెరుగుపడినా మీరు సరైన దారిలో ఉన్నారు, అదే కొనసాగించండి. ఒక్కటీ మెరుగుపడకపోతే నిరాశపడకండి. మిషనును మళ్ళీ సర్దించుకోవాలి, లేదా మానసిక నిపుణుడి సాయం తీసుకోవాలి. ఆ రెండూ మీకు అందుబాటులో ఉన్నాయి, వాటిని అడిగి తీసుకోండి.